కదలని నాణేలు

విల్లెన్‌హాల్‌లో ఒకప్పుడు ఇంటింటా తాళాలు చేసేవారట.
పసితనం నుంచీ బల్లమీద వంగి వంగి
గూని తేలేవారట.
ఈ ఊరికి గూనూరని వెక్కిరింపు పేరుండేదని
కింది వాటా క్లైవ్ టాంక్స్ చెప్పాడు
తన వీపు తడుముకుంటూ.

నేనూ వంగే ఉన్నాను, పై వాటాలో,
లాప్‌టాప్ మీద.
తాళాలు మార్చే పనే నాదీ.

ఇవి అంకెలతో వేసిన తాళాలు.
ముందుకు నడిస్తే రెప్పపాటు,
వెనక్కి నడవాలంటే యుగాలు చాలవు.
ఆ నమ్మకం మీదే అందరి నాణేలూ.
ఇప్పుడెక్కడో, మంచుకన్నా చల్లని గదిలో
వెనక్కి నడవడం నేర్చుకుంటోంది ఒక యంత్రం.
ఇంకా పాకుతోంది. పడిపోతోంది.
తన తప్పులు తనే లెక్కపెట్టుకుంటోంది.
ఐదేళ్లంటారు, ఇరవై అంటారు, అసలు రాదంటారు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగిన కుక్కల్ని ఎరుగుదుం.
మేం పుట్టని దొంగని చూసి మొరుగుతున్నాం.
నిద్ర చెడిందని వీధి వీధంతా మమ్మల్నే తిడుతోంది.

కొత్త సంతకం బరువు.
పాతది అగ్గిపెట్టెలో పట్టేది,
దీనికి బీరువా కావాలి.
ఎవరు మోస్తారని ఒకడు, చోటెక్కడుందని ఇంకొకడు,
గురువారం రాత్రి కాల్‌లో గంటలకొద్దీ.
క్లైవ్‌కి చెబితే నవ్వాడు.
"తాళం దొంగని ఆపదు పిల్లా,
కాసేపు ఆలస్యం చేస్తుంది.
ఆ కాసేపుకే నలభై ఏళ్లు జీతం తీసుకున్నా."

బతికున్నవాళ్లతో పేచీ లేదు.
పాత ఇల్లు ఖాళీ చేసి
సామాను కొత్తింట్లో దించుకుంటారు.
కదలని నాణేల సంగతే తేలలేదు.
తాళం వేసి గొళ్ళెం మరిచిన తొలినాటి పెట్టెలు,
కప్ప లోపలి బొమ్మ గుమ్మానికే అంటించి ఉన్నవి.
ఫలానా తేదీ దాటాక గడ్డకట్టించాలా,
దొంగకి వదిలేయాలా?
ఆ తేదీ రాసే పని నాకు పడింది.
ఒకే ఒక్క లైను.

వాటిలో ఒకటి నీది, నీరజాక్షీ.
రెండువేల పది చలికాలం,
వుల్వర్‌హాంప్టన్‌లో నీ అద్దెగది.
హీటర్ పాడైతే, కరెంటు అద్దెలోనే కదా అని
రాత్రంతా కంప్యూటర్ని లెక్కలకి కూర్చోబెట్టి
దాని వెనక వేడిగాలికి పాదాలు చాపేదానివి.
"డబ్బూ లేదు గిబ్బూ లేదు, ఇది కాళ్ల కుంపటే" అన్నావు.
యాభై నాణేలు.
వెచ్చబడ్డ మేజోళ్లే నీకు మిగిలిన లాభం.
తాళంచెవి రాసుకున్న కాగితం
ఎం సిక్స్ రోడ్డు మీద, ఆ మంచు పొద్దున,
నీతోపాటే ఎటు పోయిందో.

గడ్డకట్టిస్తే నీమీద మళ్లీ మంచు పడుతుంది.
వదిలేస్తే ఎవడో ఆ చలిగదిలోంచి వచ్చి
నీ సంతకం పెడతాడు.
దొంగ సంతకమని పట్టుకోవడానికీ లేదు,
లెక్క ప్రకారం అచ్చం నీదే.
సిగ్గులేని మాటొకటి చెప్పనా?
ఇన్నేళ్లుగా ఉలకని ఆ వరసలో
ఒక్కసారి నీ సంతకం పడితే చూడాలనుంది,
దొంగ చేత్తోనైనా.

కింద ఆకురాయి చప్పుడు.
కార్ బూట్ సేల్‌లో పౌండు పెట్టి కొన్న తాళానికి
క్లైవ్ చెవి అరగదీస్తున్నాడు.
దానికి తలుపు లేదు, పెట్టె లేదు.
ఎందుకంటే, "తిరిగినప్పుడు వినడానికి" అన్నాడు.

తేదీ దగ్గర కర్సర్ కొట్టుకుంటోంది.
రాశాను. చెరిపాను.
ఒక ఏడాది పెంచాను, ఎవరికీ చెప్పకుండా.
గురువారానికి ఇంకా రెండు రోజులుంది.