సగం మాత్ర

"కార్డు ఉందా?" అని అడగడం నా ఉద్యోగంలో ఒక ముక్క.
పోర్ట్ పిరీలో, సీసం కొలిమి పొగగొట్టం కనబడే వీధిలో,
మందుల షాపు కౌంటరు వెనక
తొమ్మిదేళ్ళుగా తుమ్మినంత తేలిగ్గా అడుగుతున్నాను.

అవిస్ ట్రెలోర్ మాత్రం ప్రతిసారీ
"లేదమ్మా" అంటుంది.
పూర్తి ధర. ముందు నోట్లు, తర్వాత నాణేలు,
ఉన్ని గ్లౌజుల్లోనూ వేళ్ళు తడబడకుండా
వరసగా పేరుస్తుంది,
పేకముక్కలు పంచే మనిషిలా.

గుండెకి ఒకటి, రక్తపోటుకి ఒకటి, కీళ్ళకి ఒకటి.
నెలకి సరిపడే డబ్బా ఆవిడకి రెండు నెలలొస్తుంది.
ఆ లెక్క నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.
ఒకసారి మందులివ్వడానికి ఇంటికెళితే
రొట్టె కోసే చెక్క మీద,
రొట్టె కోసే కత్తి పక్కన,
చిటికెడు తెల్లటి పొడి.
మాట్లాడుతూనే వేలు తడిచేసి అద్దుకుని
నాలిక మీద రాసుకుంది.
గుండె మందో, కీళ్ళ మందో. అడగలేదు.

జూలైలో ఒక పొద్దున, నాణెం కోసం వెతుకుతుంటే
పర్సు నోరు తెరుచుకుంది.
లైబ్రరీ కార్డు వెనక, కోలిన్ ఫొటో వెనక
ప్రభుత్వం పంపిన కార్డు.
గీత పడలేదు. అంచులింకా కొత్త బ్లేడులా ఉన్నాయి.
పింఛను ఇవ్వాల్సినంత లేమి లేక,
మందులు కొనగలిగినంత కలిమీ లేక
నడిమధ్యన నిలబడ్డవాళ్ళకిచ్చే కార్డు.

నేను చూడటం ఆవిడ చూసింది.
వెనక క్యూలో ఐదుగురు. దగ్గు మందు కుర్రాడు,
బౌలింగ్ క్లబ్బు మ్లాడెన్, ఇంకెవరో.
అవిస్ గొంతు తగ్గించింది:

"కొలిమి ఆగిపోయిన చలికాలం. మాకు పెళ్ళయిన కొత్త.
కోలిన్‌కి పదకొండు వారాలు జీతం లేదు.
కిరాణా కొట్టు హోరెస్ అరువిచ్చేవాడు. మంచివాడే.
కానీ పద్దు రాసేటప్పుడు పైకి చదివేవాడు.
ట్రెలోర్, పిండి. ట్రెలోర్, టీ. ట్రెలోర్, సబ్బు.
కొట్టంతా వినేది.
ఎందుకో, సబ్బు దగ్గర నాకు ఏడుపొచ్చేది."

రాయితీ.
మాటని విరిచి చూస్తే లోపల ఒక రాయి ఉంటుంది.
తీసేవాళ్ళు దాన్ని ఎంత మెల్లగా తీయాలో
ఏ దరఖాస్తులోనూ రాసి ఉండదు.

ఆవిణ్ణి అడగడం మానేశాను.
మందుల చీటీ కింద కార్డు బోర్లా పెట్టి జరుపుతుంది.
చీటీ చదువుతున్నట్టే నటిస్తూ నంబరు కొట్టుకుంటాను.
ధర పైకి చెప్పను, తెర ఆవిడ వైపు తిప్పుతాను.
పట్టపగలు ఇద్దరం దొంగల్లా
ఆవిడకి రావాల్సింది ఆవిడకే చేరవేస్తాం.

మొదటిసారి చిల్లర మూడుసార్లు లెక్కపెట్టింది.
"ఎక్కువిచ్చావు" అని నా వైపు తోసింది.
నేను వెనక్కి తోశాను.
అప్పుడే మ్లాడెన్, ఎవరూ అడక్కుండానే,
వాన గురించి ఏదో చాలా గట్టిగా మొదలుపెట్టాడు.
ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు.

ఆగస్టులో వచ్చి ఫిర్యాదు చేసింది.
మాత్ర మొత్తంగా మింగుతుంటే
గొంతులో అడ్డం పడుతోందట.
సగమైతే హాయిగా జారేదట.
"నీళ్ళు ఎక్కువ తాగండి" అన్నాను.
"నీళ్ళ బిల్లెవడు కడతాడు?" అంది.

బోర్లా పెట్టిన కార్డు తీసుకుని,
గ్లౌజులు తొడుక్కుని వెళ్ళిపోయింది.
ఆ కత్తి ఇప్పుడు రొట్టెనే కోస్తోందో,
లేదో.