మడిచి కుట్టిన చెయ్యి

నిజం చెప్పేస్తున్నాను, ఆ కోటు ఆవపిండి రంగు.
తెలుపు నలుపు కెమెరాకి
ఆవపిండే నడిరాత్రిలా కనబడుతుందని
లైట్ల మనిషి పట్టుబట్టాడు.
చూసిన పిల్లల్లో కొందరు నీలం అనుకున్నారు, కొందరు నలుపు.
స్వాన్సీ నుంచి ఒకడు ఉత్తరం రాశాడు:
మారిక్ కోటుది మా నాన్న కోటు రంగే కదా?
వాళ్ళ నాన్న బొగ్గు గనిలో పనివాడట.
అవును, అదే రంగు, అని జవాబు రాశాను.

అప్పటికి నాకు పందొమ్మిది.
బ్రిస్టల్ స్టూడియో నేలమాళిగలో
కిటికీ లేని వైపు మూడో కుట్టుమిషను నాది.

మొదటి మారిక్, హెరాల్డ్ పెంగెలీ, ముసలాయన.
మాట మరిచిపోతే జేబులో వెతికేవాడు.
ఏ పరికరం తీస్తాడో అని దేశమంతా ఊపిరి బిగబట్టేది.
దొరికేది పిప్పరమెంటు.
ఆయన చేతులు వణకడం మొదలయ్యాక
కథ రాసేవాళ్ళు ఒక రాత్రి తలుపు వేసుకుని కూర్చుని
మారిక్‌కి చావు లేదు, ఒళ్ళు మారుతుంది, అన్నారు.
జీతాల పద్దులోంచి పుట్టిన అమరత్వం.
మేం నవ్వుకున్నాం.
తర్వాత నలభై ఏళ్ళూ దానికే అస్తరు వేశాం.

పరకాయ ప్రవేశం అంటారే,
మా దగ్గర అది తిరగబడింది.
ప్రాణం కోటులో ఉండేది.
ఒళ్ళే ఒకటొకటిగా వచ్చి అందులో దూరేవి.

రెండోవాడికి చెమట ఎక్కువ,
ప్రతి గురువారం చంకలు విప్పి ఉతికేదాన్ని.
మూడోవాడికి గుర్రాలంటే భయం,
పాపం, ఆ ఏడంతా గుర్రాల గ్రహమే.
రంగుల టీవీ వచ్చిందీ అప్పుడే.
కోటుకి నీలం వెయ్యమన్నారు.
బకెట్లో ముంచుతుంటే ఆ గని కుర్రాడు గుర్తొచ్చాడు.
కుట్ల సందుల్లో ఆవపిండి ఇంకా ఉంది,
చూడాలంటే విప్పాలి.

నాలుగోవాడు, గారెత్,
చివరి రోజు "కట్" అన్నాక లేవలేదు.
మెరుపు దీపాలు ఆరిపోయాయి.
తలుపు దగ్గర కొత్తవాడు
చలికి భుజాలు ముడుచుకుని నిలబడ్డాడు, కోటు కోసం.
నేను మోకాళ్ళ మీద కూర్చుని
పసివాడికి విప్పినట్టు ఒక్కో గుండీ విప్పాను.
"మూడోది నాకిస్తావా, డిలిస్?"
పళ్ళతో దారం కొరికి చేతిలో పెట్టాను.
కోటు చల్లారకముందే కొత్తవాడి మీద వేశాను.
ఖాళీ చోట మా అమ్మ స్వెట్టరు గుండీ కుట్టాను.
అది ఏ నక్షత్రం నుంచి వచ్చిందో
ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు.
ట్రియోర్కీ సంత నుంచి. నాలుగు పెన్నీలకి.

ఐదోవాడి గురించి ఏమీ గుర్తులేదు.
మంచివాడు.

ఏడోవాణ్ణి క్లీవ్‌డన్‌లో చూసొచ్చాను,
సముద్రం వైపు మంచం, ముక్కులో గొట్టం.
"ఇప్పుడెవడు వేసుకుంటున్నాడు?"
చెప్పాను.
"భుజాలు సరిపోయాయా?"
కొంచెం వదులు, అన్నాను.
ఎంత తృప్తిగా కళ్ళు మూసుకున్నాడో.

పదో అవతారం ఆడపిల్ల.
షెవెల్ డాకర్స్, ఈస్టన్‌లో బస్సు డ్రైవరు కూతురు.
గేటు బయట అరుపులు, అట్టల మీద ఎర్ర అక్షరాలు.
లోపల అద్దం, సుద్దముక్క, మేమిద్దరం.
జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయింది.
"ఏదో పిప్పరమెంటు కాగితం. పారేయనా?"
వద్దన్నాను.
ఎవరిదని అడగలేదు. మళ్ళీ అక్కడే పెట్టింది,
పక్కన తన బస్సు టికెట్టు కూడా.

చేతులు రెండంగుళాలు పొడుగయ్యాయి.
కత్తిరించెయ్, టైము లేదు, అని పైనుంచి ఫోను.
కత్తెర తీశాను, పెట్టేశాను.
గుడ్డని లోపలికి మడిచి
వదులు వదులుగా కుట్టాను,
గోరు తగిలితే ఊడొచ్చేలా.

తర్వాత వచ్చేవాళ్ళు పొడుగరులేమో.