ఏడోసారి

జనవరి నుంచీ మా వంటగది గోడ మీద
ఆ పార్కు పటమే.
నాలుగు కాగితాలు అతికించి
టోర్బెన్ చేత్తో గీశాడు.
ఎక్కి తిరిగేవాటికి ఎర్ర పెన్సిల్,
నీళ్ళలో జారేవాటికి నీలం,
మరుగుదొడ్లకి ఆకుపచ్చ.
ఎస్బియర్గ్ రేవులో క్రేను నడుపుతాడు,
టన్నుల ఇనుముని గాజుగ్లాసులా దించుతాడు,
సెలవు అనేసరికి మాత్రం చేతులు వణుకుతాయి.
"తొమ్మిదింటికి గేటు. తొమ్మిదీ పదికి డ్రాగన్.
తొమ్మిదీ నలభైకి..."
"మరి నవ్వడం ఎప్పుడు?" అన్నాను.
రాసుకున్నాడు. నిజంగానే.
పదకొండూ ఇరవైకి.

డబ్బంటారా,
బేకరీలో నా ఆదివారాలు కొన్ని,
అతను అమ్మేసిన పాత పడవ మోటారు,
ఇంగర్ అత్తయ్య అల్లి అమ్మిన
పదకొండు జతల చేతి తొడుగులు.
ఒక జత తిరిగొచ్చింది,
రెండూ ఎడమచేతివేనని.

మల్తె తలుపుచట్టం దగ్గరే కాపురం పెట్టాడు.
నూట ఇరవై సెంటీమీటర్లుంటేనే డ్రాగన్ ఎక్కనిస్తారట.
ఫిబ్రవరిలో నూట పదిహేడున్నర.
క్యారెట్లు నమిలాడు, కడ్డీకి వేలాడాడు,
రాత్రుళ్ళు కాళ్ళు బారజాపి పడుకున్నాడు,
ముడుచుకుంటే ఎదిగిందంతా వెనక్కి పోతుందని.
సిగ్నెకి పద్నాలుగేళ్ళు, దేనికీ రానంది.
రానంటూనే బూట్లు తుడుచుకుంది.

జూలైలో రెండో మంగళవారం.
కారు కదలగానే ఒక చినుకు.
"పోయే మబ్బే" అన్నాడు.
కోల్డింగ్ దాటేసరికి
ఆకాశానికి చిల్లు పడింది.

గేటు దగ్గర గొడుగులు తిరగబడుతున్నాయి.
వచ్చినవాళ్ళలో సగం మంది కార్లలోనే కూర్చుని
ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టెలు తినేస్తున్నారు.
ఎరుపూ నీలం ఆకుపచ్చా కలిసిపోయి
పది నిమిషాల్లో మా పటం ముద్దయింది.
దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు,
గూట్లోంచి పడ్డ పిట్టని పట్టుకున్నట్టు.
అప్పుడు నాకు అతని మీద
పెళ్ళినాటి కంటే ఎక్కువ ఇష్టం కలిగింది.
చెప్పలేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

కొలత బల్ల దగ్గర మల్తె ఊపిరి బిగబట్టాడు.
పసుపు రెయిన్‌కోటు కుర్రాడు
చెక్కమేకు మెల్లగా దించాడు.
తగిలింది.
జుట్టుకి కాదు, జుట్టుని వాన ఎప్పుడో అణిచేసింది,
తలకే.
"నూట ఇరవై," అన్నాడు కుర్రాడు,
"పైన ఇంకో చినుకు."

వరుస లేదు.
మేమైదుగురం, ఒక డ్రాగన్.
గొలుసు కటకటమంటూ పైకి లాగుతుంటే
టోర్బెన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు,
నలభై మీటర్ల ఎత్తున రోజూ భోంచేసే మనిషి.
"అక్కడైతే లీవరు నా చేతిలో ఉంటుంది"
అన్నాడు తర్వాత, ఎవరూ అడక్కుండానే.

కిందికొచ్చాక కుర్రాడు అడిగాడు,
"దిగుతారా? మీ వెనక ఎవరూ లేరు."
దిగలేదు.
రెండోసారి సిగ్నె అరిచింది,
అరిచి, మాకు వినపడిందేమోనని చుట్టూ చూసింది.
మూడోసారి చూడ్డం మానేసింది.
నాలుగోది నాకు గుర్తులేదు.
ఐదోసారి అత్తయ్య చేతులు రెండూ పైకెత్తింది,
రెంటికీ ఎడమచేతి తొడుగులే.
ఆరోసారి వాన మొహానికి ఆవగింజల్లా తగిలింది.

ఏడోసారి, పైకంటా చేరాక,
టోర్బెన్ కళ్ళు తెరిచాడు.
ఖాళీ దారులు, టార్పాలిన్ కప్పిన ఐస్‌క్రీం బండి,
అతను గీసినదానికి ఏమాత్రం పోలికలేని పార్కు,
దూరంగా మా కారు.
"లైట్లు ఆర్పలేదు" అన్నాడు.
అంతే, పడిపోయాం అందరం,
అరుస్తున్నామో నవ్వుతున్నామో
కడుపులకే తెలియలేదు.
పదకొండూ ఇరవై ఎప్పుడు దాటిందో
ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి బ్యాటరీ చచ్చింది.
బురదలో కారు నెట్టాం,
నేనూ, సిగ్నె, పసుపు కోటు కుర్రాడూ.
ముందుసీట్లో అత్తయ్య దారి చెబుతోంది.
ఇంజను దగ్గి, ఊగి, అందుకుంది.
కుదుపుకి వెనకసీట్లోంచి మల్తె
"ఇంకోసారి!" అన్నాడు.