బ్యాటరీ లేని రేడియో

హోవ్స్‌గోల్ సరస్సుకి దక్షిణంగా, గుర్రం మీద రెండు రోజులు.
పద్నాలుగు బల్లలు, ఒక ఇనప పొయ్యి. అదీ మా బడి.
నా పేరు నరంగెరెల్. మంగోలు మాటలో ఎండవెలుగు.
ఫిజిక్స్ చెబుతాను. పొయ్యిలో పిడకలూ నేనే వేస్తాను.

ఆ రోజు పిల్లలతో రేడియో కట్టించాను.
చుట్టలు చుట్టిన రాగితీగ, గింజంత డయోడు,
చెవిలో పెట్టుకునే బిళ్ళ,
గొర్రెల దొడ్డి కంచె పొడుగునా ఏరియల్.

జంబల్‌దోర్జ్ బ్యాటరీ కోసం అట్ట కింద వెతికాడు,
బల్ల కింద వెతికాడు,
చివరికి నా కోటు జేబులో కూడా.
లేదురా, అన్నాను.
వాడి చెవిలో మాత్రం ఎవరో ఆడమనిషి
రేపు పడబోయే మంచు గురించి చెబుతోంది,
కాగితం మీద ఈగ నడిచినంత చప్పుడుతో.

"ఈ బిళ్ళని కదిపేది ఎవరు టీచర్?"
కొండ అవతలి స్తంభం నుంచి వచ్చిన అల, అన్నాను.
ఎక్కడో బండెడు బొగ్గు కాలితే
అందులో ఆవగింజలో వెయ్యోవంతు
నీ చెవిదాకా నడిచొచ్చింది.

"అయితే అలే శక్తా? శక్తిని మోసుకొచ్చే కూలీనా?"

కాంతి ఒక శక్తి రూపం.
పంతొమ్మిదేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న వాక్యం.
ఆ పూట చాక్‌పీసు వేళ్ళ మధ్యే ఉండిపోయింది.
గుర్రం వేరు, పరుగు వేరు, అన్నాను, తెలిసినదానిలా.
పరుగుకి కొలత ఉంది. కానీ పరుగునే గుర్రమనం కదా.

గుర్రాలు కాసేవాళ్ళ పిల్లాడు. ఊరుకుంటాడా?
"గుర్రం ఆగినా గుర్రమే టీచర్.
ఎండ ఆగితే?"

కిటికీలోంచి పడ్డ ఎండముక్క
నల్ల కంబళి మీద ఉంది.
ఇద్దరం చేతులు పెట్టి చూశాం.
వెచ్చదనం దొరికింది.
ఆగిన ఎండ దొరకలేదు.
అంత దూరం చలిలో చల్లగానే వచ్చి
ఈ ఉన్నిపోగుల్లో దిగి
ఉన్నదంతా ఒప్పజెప్పేసింది.
కళ్ళెం పట్టుకుందామంటే లోపల గుర్రమే లేదు.

శక్తి అంటే వస్తువు కాదు, లెక్క, అని చెప్పాల్సింది.
అల దగ్గర ఆ లెక్క ఉంటుంది,
కంబళి దగ్గరికి మారుతుంది, అని.
చెప్పలేదు. లెక్కకి చెయ్యి కాలుతుందా అని అడుగుతాడు.

మర్నాడు మంచు పడింది, ఆమె చెప్పినట్టే.
బోర్డు మీద సగం వాక్యం అలాగే ఉంది:
కాంతి ఒక