అనుబంధం

సొహార్‌లో జూలై.
బయట గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకుంటుంది.
లోపల, కిటికీ లేని నా గదిలో
చలికి శాలువా కప్పుకుని
మనుషుల్ని నలుపు తెలుపుల్లో చదువుతుంటాను.

ఈ రోజు డెబ్బై ఒక్క ఛాతీలు.
క్యాంపు బస్సు దిగి, వరసలో నిలబడి,
చొక్కా విప్పి, తాయెత్తు విప్పి,
బదరియా "నఫస్" అనగానే ఊపిరి బిగబట్టినవాళ్ళు.
చీటీ మీద కారణం అనే గడిలో
అందరికీ ఒకటే మాట: ఫిట్‌నెస్.
దగ్గుందా, ఎన్నాళ్ళుగా, ఏ కొలిమి దగ్గర పని,
ఎవరూ అడగరు, ఎవరూ రాయరు.
ప్రశ్న లేకుండా పంపిన బొమ్మని
జవాబు చెప్పమని ఎలా నిలదీయను?
అయినా సంతకం నాది.

మధ్యాహ్నం ఒక ఫోను.
ఎవరో మేనేజరు గారికి రెండు రోజులుగా తలనొప్పి.
పోయిన నెల ఒక స్కాన్, అంతకు ముందు నెల ఒకటి.
ఇన్సూరెన్స్ ఇస్తుంది కదా, ఇంకోటి తీసేయండి.
తీయనన్నాను.
కిరణానికి ఇన్సూరెన్స్ సంగతి తెలీదండీ,
అది ఒంట్లోకెళ్ళి తన లెక్క తాను రాసుకుంటుంది.
ముందు కళ్ళద్దాలు మార్చుకోమనండి.
అవతల ఠక్కున పెట్టేశారు.
కాసేపు నా గురించి నాకు
గొప్పగానే అనిపించింది.

నాలుగింటికి, అరవై మూడోది.
ఆవుల పోశన్న, నలభై ఆరేళ్ళు, అల్యూమినియం.
కుడివైపు పైన, కాలర్ ఎముక వెనక
రేగుపండంత తెలుపు.
అలవాటుగా రెండేళ్ళ కిందటిది తెరిచి పక్కన పెట్టాను.
అక్కడే ఉంది.
శనగగింజంత.
నక్కి కూడా లేదు పాపం,
నిలబడే ఉంది.
కింద రిపోర్టు: ఊపిరితిత్తులు నిర్మలం.
దాని కింద: డాక్టర్ గొర్తి ప్రసూన, సాయంత్రం ఆరూ యాభై రెండు.

ఆ రోజు నాకేం తొందర?
పాప స్కూలు బస్సా, ఇఫ్తార్ వేళా, నూట పదో ఛాతీయా?
గుర్తు రాలేదు.
ఎందుకు వెతుక్కుంటున్నానో మాత్రం తెలిసింది.

డాక్టర్ హిలాల్ నా భుజం మీదుగా చూసి
చాలాసేపు మాట్లాడలేదు.
పెద్దాయన, మంచివాడు.
"కొత్తది రాయి. పాతదాన్ని ఎవరు తెరుస్తారు?" అన్నాడు.
నిజమే, ఎవరూ తెరవరు.
నేను తెరిచాను కదా.

పాత రిపోర్టుని చెరపడానికి లేదు,
దాని కింద చేర్చడమే.
తెలుగులో దాన్ని అనుబంధం అంటారని
వేళ్ళు కీబోర్డు మీద ఉండగా గుర్తొచ్చింది.
చుట్టాల గురించి చెప్పుకునే మాట.
రెండేళ్ళుగా ఇతనితో నాకుందన్నమాట,
ఇద్దరికీ తెలియకుండా.

రాశాను: పునఃపరిశీలనలో, కుడి పైభాగంలో,
తొమ్మిది మిల్లీమీటర్లు,
అప్పటి రిపోర్టులో పేర్కొనబడలేదు.
"పేర్కొనబడలేదు" కొట్టేశాను.
ఎవరి చేత?
"నేను గుర్తించలేదు" అని రాశాను.

ఫోను నేనే చేశాను. కంపెనీకి కాదు, అతనికి.
క్యాంపులో వంట వేళ, నూనె చిటపటలు.
తెలుగు వినగానే సంబరంగా
"మీదే ఊరు మేడం?" అన్నాడు.
ఊరు చెప్పలేదు, విషయం చెప్పాను.
సీటీ ఒకటి తీయాలి, ఇది మాత్రం తీయాల్సిందే.
తర్వాత బహుశా సూదితో చిన్న ముక్క.
అప్పటిదాకా అదేమిటో నేను చెప్పలేను.
కాసేపు నూనె ఒక్కటే మాట్లాడింది.

"గప్పుడు గూడ ఉండెనా?"
"ఉంది."
"మీకు కనబడలేదా మేడం?"
"కనబడింది పోశన్నా. నేను చూడలేదు."

అతను తిట్టలేదు.
తిడితే బాగుండునని ఎదురుచూడటం కూడా
నా సుఖం కోసమే.
"శుక్రారం వస్త," అన్నాడు, "కడమ దినాలు జీతం కోస్తరు."
శుక్రవారం సీటీ గదికి తాళం.
తెరిపిస్తానన్నాను. ఎలాగో ఇంకా తెలీదు.

మిగిలినవి ఎనిమిది.
అరవై నాలుగోది తెరిచి
ముందు కాలర్ ఎముకల వెనక చూశాను.
అన్ని చోట్లా చూడాలి, చూశాను.
అక్కడ ఇంకోసారి చూశాను.