రెండు గీతలు

కీల్ రేవు మీద పొగమంచు.
నాలుగో అంతస్తు చలిగదిలో హెడ్విగ్
తొమ్మిదిరోజుల బఠాణీ మొలకలు కోస్తోంది,
కూరకి కోసినంత మామూలుగా.

నలిగి, వడకట్టబడి, గిర్రున తిరిగి
గొట్టం అడుగున పచ్చటి పట్టీ కట్టాయి
ఇంకా బతికే ఉన్న హరితరేణువులు.

వాటి గుమ్మంలోకి ఒక ప్రోటీను,
బయట పుట్టింది.
ముందువైపు ఓ పొడుగాటి కొస.
ఆ కొసని చూసే తలుపు తీస్తారు.
మడతపడితే దూరదు;
చుట్టలన్నీ విప్పుకుని, దారమై,
సూదిబెజ్జంలోకి ముందు ఆ కొసే.
రెండు పొరలు దాటాక
లోపల కత్తెర కాచుకుని ఉంటుంది.
తెగాకే
మడతపడి పనిలోకి దిగుతుంది.

మర్నాడు ఫిల్ము మీద రెండు గీతలు.
పైది రానిది, కిందిది వచ్చినది.
మధ్యన గోరంత ఖాళీ.
"మరి ఆ కొస ఏమైంది?" అన్నాడు
కొత్తగా చేరిన యెన్స్.
"నుజ్జయిపోతుంది. ఎవరూ దాచరు."

ఆవిడ కోటు జేబు మీద 'వోయ్ట్' అని ఉంటుంది.
మజూరియా నుంచి వచ్చిన ఏడు
శిబిరం గుమాస్తా కలం ఆపేసిన చోటు అది.
మిగతా అక్షరాలు
ఒక్కసారే విన్నాను ఆవిడ నోట,
చేతితొడుగులు విప్పుతూ,
సింకులో నీళ్ళు పారుతుండగా.
సగమే వినపడ్డాయి.