సున్నా గీత

దాల్కావే రేవులో నాలుగో రోజూ వానే.
సంఘం ఆఫీసులో, కట్టెల పొయ్యి పక్కన,
ఎదువీనా పన్నెండు నెలల ఆల్చిప్పల లెక్కని
సాలెగూడు చార్టులోకి దించుతోంది.

నట్టనడుమ ఉన్నది సున్నా కాదు,
ఏడాదిలోకెల్లా పెద్ద నష్టం.
సున్నా ఎక్కడో సగం దూరాన
కంచెలా చుట్టుకుంది.

రంగు పోస్తే అంతా ఒకటే పచ్చ,
లాభమూ నష్టమూ ఎరగని పచ్చ.
సరే, పొర మీద పొర.
అడుగున ఆకుపచ్చ లెక్క.
దాని మీద సున్నా వలయం, నిండా ఎరుపు.
ఆ పైన తెలుపు,
లెక్కా సున్నా, రెంటిలో ఏది తక్కువైతే అంతమేర.
ఎరుపు మిగిలిన చోటల్లా మైనస్.

తడి బూట్లతో వచ్చి వంగి చూశాడు
మునకల బెలార్మీనో.
"సముద్రనక్షత్రం! మన పంట తినేది ఇదేగా."
"ఈ గీత సున్నా. లోపలికి పోయినకొద్దీ మైనస్."
"నాకైతే సున్నా అంటే నీటి పైభాగం.
ఇరవై మీటర్ల మైనస్‌లోనే
ముగ్గురు పిల్లల్ని చదివించాను."

అతను పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటుంటే
ఆమె ఎరుపుని నీలం చేసింది.
మార్చికి మాత్రం
వేరే పొర కట్టి ఎరుపే ఉంచింది.
ఆ నెల
నీళ్లే ఎర్రబడ్డాయి.